సాగే బట్ట

ఫిబ్రవరి 2

ఫోమ్ అమ్మే కంపెనీ వాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా అది సుద్ద చేతులు తుడుచుకోవడానికే పనికొస్తుంది. ఈసారి రాద్దామనిపించింది. మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. చూసుకోవడానికి మా ఆవిడ వెళ్ళింది. ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంట్లో నేనూ, ఉడుతా. కాలేజీ నుంచి వచ్చిందంటే గది తలుపు వేసుకుంటుంది. పంతొమ్మిదేళ్ళ కూతురితో ఏం మాట్లాడాలో మా ఆవిడ ఉన్నప్పుడే నాకు తెలిసేది కాదు. పగలంతా కారు సీట్లకు కవర్లు కుడతాను. అవి ఎదురు చెప్పవు.

అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంటుంది. చిన్నప్పుడు షాపులోకి వచ్చిన ఏ సోఫానీ వదలకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతేది. అందుకే ఉడుత.

ఇవాళ చాలా రోజులకు షాపుకొచ్చింది. నేను ఒక వ్యాను సీటు విప్పుతున్నాను.

"నాన్నా, నాకో ప్యాంటు కుట్టి పెడతావా?"

కాలేజీలో కొండలెక్కేవాళ్ళ క్లబ్బులో చేరిందట. ఏప్రిల్లో కొండల మీద కొన్ని రోజులు నడక. దానికి సాగే బట్టతో చేసిన ప్యాంటు కావాలి. తడిస్తే తొందరగా ఆరాలి, మోకాలు ఎత్తితే పట్టేయకూడదు.

"షాపుల్లో దొరకవా?"

"దొరుకుతాయి. నాకే కుదరవు. నడుం సరిపోతే పొడవు చాలదు, పొడవు సరిపోతే నడుం జారిపోతుంది."

"నేను సీట్లకి కుట్టేవాణ్ణి కదే, మనుషులకి కాదు."

"సీటు మీద కూర్చునేది మనిషేగా."

నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. సరేనన్నాను. అది నన్ను ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో.

ఫిబ్రవరి 5

బట్టల షాపావిడ నాలుగు రకాలు పరిచింది. ఒక్కొక్కటీ రెండు చేతులా పట్టి లాగి వదిలి చూపించింది. "సాగడం గొప్ప కాదండీ. వదిలితే మళ్ళీ తన చోటికి రావాలి. రాకపోతే రెండుసార్లు కూర్చునేసరికి మోకాళ్ళ దగ్గర సంచులు వేలాడతాయి." పాచి రంగుది తీసుకున్నాను. మీద నీళ్ళు పోస్తే పూసల్లా దొర్లిపోతున్నాయి. ఇన్నేళ్ళు రెక్సిన్‌తో బతికినవాణ్ణి, ఆ బట్ట పట్టుకుంటే చేతిలో ఏదో ప్రాణమున్నది పట్టుకున్నట్టుంది.

కొలతలు తీసుకుందామని టేపు తీశాను. ఉడుత ఒక అడుగు వెనక్కి వేసింది. "టేపు వద్దు నాన్నా. ఇదిగో, ఇది పెట్టుకుని కత్తిరించు" అని పాత ట్రాక్ ప్యాంటు ఇచ్చింది. ఎదిగిన పిల్ల. నాకే తట్టాల్సింది.

ట్రాక్ ప్యాంటు పరిచి, కాగితం మీద గీసి, ముక్కలు కత్తిరించాను.

ఫిబ్రవరి 9

షాపు మిషన్ మీద పెట్టాను. సర్వనాశనం. దాని సూది తోలు చీల్చుకుపోయే రకం. ఈ బట్టలో నాలుగు కుట్లు వేస్తుంది, రెండు ఎగ్గొడుతుంది. మిషన్ పాదం కింద బట్ట అలలు అలలుగా లేచింది. ఎలాగో ఒక కాలు పూర్తి చేసి, రెండు చేతులా పట్టి లాగితే దారం పటపటా తెగింది. బట్టకేం కాలేదు.

ఫిబ్రవరి 10

కుట్లు విప్పాను.

ఫిబ్రవరి 14

ఇంట్లోని మా ఆవిడ కుట్టు మిషన్ దుమ్ము దులిపాను. మొన గుండ్రంగా ఉండే సూది వేశాను. అది పోగుల్ని పొడవదు, పక్కకి తప్పించుకుని దిగుతుంది. కుట్టు నేరుగా కాకుండా వంకరటింకరగా పడేట్టు తిప్పాను. అప్పుడు బట్టతో పాటు కుట్టూ సాగుతుంది. కాళ్ళ మధ్య పతంగి ఆకారంలో ఒక ముక్క వేశాను, అడుగు ఎత్తి వేసేటప్పుడు పట్టేయకుండా.

నేర్చుకున్నదేమిటంటే, దీన్ని లాగకూడదు. రెక్సిన్‌ని లాగి పట్టి లొంగదీసుకోవాలి. దీని మీద ఊరికే చేతులు ఆనించి పోనివ్వాలి. ఇన్నేళ్ళకి నా చేతులకి కొత్త బుద్ధి నేర్పాల్సి వచ్చింది.

మా ఆవిడ ఫోన్ చేసింది. పిల్ల తింటోందా అని అడిగింది. శుభ్రంగా తింటోందన్నాను. పొద్దున ఆలస్యమైపోతోందని ఏదో ఒకటి చేతిలో పట్టుకుపోతుంది, సాయంత్రం కాలేజీలోనే తినేసి వస్తుంది. నిజమే చెప్పాను.

ఫిబ్రవరి 21

మొదటిసారి వేసుకుని చూసింది. గదిలోంచి వచ్చి కుర్చీ మీదికి కాలెత్తి పెట్టింది, గొంతుక్కూర్చుంది, లేచింది. ఎక్కడా పట్టలేదు. నాకు గర్వంగా అనిపించింది.

"నడుం కొంచెం వదులు నాన్నా."

ట్రాక్ ప్యాంటు మీద పరిచి చూశాను. అంగుళం తేడా లేదు. ఆ ట్రాక్ ప్యాంటే పాతబడి సాగిపోయి ఉంటుంది. పక్క కుట్లు విప్పి లోపలికి వేస్తానన్నాను.

ఫిబ్రవరి 27

పొద్దునా సాయంత్రం నడుస్తోంది. బ్యాగులో నా షాపులోని పాత సీటు స్ప్రింగులు నింపుకుని మా బిల్డింగు మెట్లన్నీ ఎక్కి దిగుతోంది. కింది ఇంటాయన, "మీ అమ్మాయిని చూసి మా వాడు బుద్ధి తెచ్చుకోవాలండీ" అన్నాడు. పోయినేడు ఇదే పిల్ల మంచం దిగేది కాదు. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాను.

మార్చి 4

రెండోసారి వేసుకుంది. మళ్ళీ వదులే.

బట్ట సాగింది.

మార్చి 5

బట్టల షాపావిడకి ఫోన్ చేశాను. కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఆవిడ ఓపిగ్గా విని, "వేలాడదీసినంత మాత్రాన సాగదండీ అది. కుట్టేటప్పుడు లాగారేమో" అంది. నేను లాగలేదు.

లాగానేమో. సీట్లు కుట్టే చేతులు.

మార్చి 11

అక్క వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది, లాండ్రీలో ఇస్త్రీ పని. మా ఆవిడ లేదని గిన్నె నిండా సూప్ పట్టుకొచ్చింది. ఉడుత తినేసి వచ్చానంది. నీళ్ళ గ్లాసు అందుకుంటుంటే అక్క దాని చెయ్యి పట్టుకుని చొక్కా చేతిని పైకి తోసింది.

"ఇదేంటే ఈ చెయ్యి?"

ఉడుత చెయ్యి లాక్కుంది.

"ఒరేయ్, దీని మణికట్టు చూశావా నువ్వు?" అని నన్నడిగింది అక్క.

"కొండలెక్కడానికి సాధన చేస్తోందిలే అక్కా."

"సాధన చేసేవాళ్ళకి ఆకలేస్తుంది."

అప్పుడు ఉడుత ఏడ్చింది. అరవలేదు. మెల్లగానే అంది: "అత్తకి నేనెలా ఉన్నా నచ్చదు. మొన్నటిదాకా గున్నేనుగు అని అందరి ముందూ పిలిచింది. ఇప్పుడు మణికట్టు చూస్తోంది. నేనేం చెయ్యాలి?"

ఉడుత వెళ్ళి తలుపు వేసుకుంది. సూప్ నేనే తాగాను.

మార్చి 12

కొన్నాళ్ళు రావద్దని అక్కకి చెప్పాను. పిల్ల నొచ్చుకుంటోందని. "సరేరా" అంది. గిన్నె కూడా అడగలేదు.

మార్చి 19

మూడోసారి పక్క కుట్లు విప్పాను.

ఈ బట్టలో ఒక చిక్కుంది. సూది దిగిన చోట చిల్లు ఉండిపోతుంది. మామూలు బట్ట ఉతికితే పూడుకుపోతుంది, ఇది పూడుకోదు. కిటికీ వెలుగుకి పట్టి చూస్తే వరసలు కనిపించాయి. మొదట కుట్టిన వరస. దానికి లోపల రెండోది, మూడోది. ఇవాళ సుద్దతో గీసినది ఇంకా లోపలికి. మొదటి వరసకీ ఈ గీతకీ మధ్యలో నాలుగు వేళ్ళు పడుతున్నాయి.

బట్ట సాగి ఉంటే ఆ చిల్లులు కూడా సాగాలి. గుండ్రంగానే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట రాసి కొట్టేశాను.

ఎక్కడో లెక్క తప్పాను. అంతే అయి ఉంటుంది.

మార్చి 20

అడిగాను. అడగడానికి పొద్దుటి నుంచి కూడగట్టుకున్నాను.

"తల్లీ, ఒకసారి డాక్టరుకి చూపించుకుందామా?"

భయపడుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. నవ్వింది. "తప్పకుండా నాన్నా. నడక అయి రానీ, నువ్వెక్కడికి తీసుకెళితే అక్కడికి వస్తా." కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని తింది. అంతా తింది. నాకు కళ్ళు చెమర్చాయి, తల దించుకున్నాను. కంచం కడిగి వెంటనే నడకకి వెళ్ళింది. చీకటి పడేదాకా రాలేదు.

తింది కదా.

మా ఆవిడ ఫోన్ చేస్తే చెప్పలేదు. అక్కడ అత్తగారిని లేపి కూర్చోబెట్టడానికే ఆవిడ నడుం పడిపోతోంది. ఏమని చెప్పాలి? ప్యాంటు వదులైందనా?

మార్చి 27

ఇక విప్పి కుట్టే పని పెట్టుకోలేదు. నడుం పట్టీలో సన్నటి నాడా వేశాను, చివర బిగించే క్లిప్పుతో. ఎంత కావాలంటే అంత బిగించుకోవచ్చు.

"ఇక మాటిమాటికీ నన్నడగక్కర్లేదు" అన్నాను.

చాలా సంతోషించింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది, జేబు జిప్పు తెరిచి మూసింది. "ఎవరు కుట్టారంటే మా నాన్న అని చెబుతా" అంది. వచ్చి నన్ను కావలించుకుంది. చిన్నప్పుడెప్పుడో తప్ప అలా చెయ్యలేదు. దాని వీపు మీద చెయ్యి వేశాను.

చెయ్యి తీసేశాను.

ఏప్రిల్ 3

బస్సు ఎక్కించాను. పిల్లలంతా గోలగోలగా ఉన్నారు. క్లబ్బుకి పెద్దగా ఉన్న కుర్రాడు మర్యాదస్తుడు, నా నంబరు రాసుకున్నాడు. వాణ్ణి పక్కకి పిలిచాను. మా అమ్మాయిని ఆపెయ్యండి అని చెబుదామని పిలిచాను. "కాస్త చూసుకో బాబూ" అని మాత్రం వచ్చింది నోట్లోంచి. "మా అందరికంటే గట్టిది సార్ ఆవిడ, ఎప్పుడూ ముందే ఉంటుంది" అన్నాడు. ఉడుత కిటికీలోంచి చెయ్యి ఊపింది.

షాపుకెళ్ళి ఒక్క సీటు కూడా ముట్టుకోలేదు.

ఏప్రిల్ 5

ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. ఎక్కుతూ ఎక్కుతూ కుప్పకూలిపోయిందట. మొదట బూటు జారిందనుకున్నారట. పిలిస్తే పలకలేదట. మోసుకుని కిందికి దింపారు. కొండ కింది ఊళ్ళో ఆసుపత్రి. అక్కకి ఫోన్ చేసి ఇంటి తాళం గురించి ఏదో చెప్పాను. మా ఆవిడకి చెప్పాను. బస్సులో రాస్తున్నాను. అక్షరాలు సరిగా రావడం లేదు.

ఏప్రిల్ 6

డాక్టరు మా ఆవిడ వయసు ఉన్న మనిషి. గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి తినడం మానేసింది?"

"తింటోందండీ. కాలేజీలో తినేసి వస్తుంది."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తర్వాత చెప్పింది. ఇది నీరసం కాదట, జబ్బట. మనసులో మొదలై ఒంటిని పట్టుకుందట. అద్దంలో చూసుకుంటే మనకి కనిపించే మనిషి ఆ పిల్లకి కనిపించదట. గుండె చాలా నెమ్మదించింది. ముక్కులోంచి గొట్టం వేసి కొంచెం కొంచెంగా ఆహారం ఎక్కించాలి, ఒక్కసారిగా ఇచ్చినా ప్రమాదమే.

"రోజూ చూసేవాళ్ళకే ఈ మార్పు కనపడదండీ, మిమ్మల్నేం అనడం లేదు" అంది. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

గొట్టం సంగతి ఉడుతకి చెప్పారు. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు. "నాన్నా, వద్దని చెప్పు. నేను తింటా. ఒట్టు, తింటా. వద్దని చెప్పు." అది అడిగింది నేను కాదనలేదెప్పుడూ. ఇవాళ సంతకం పెట్టాను. గొట్టం వేస్తుంటే తల పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

అంతా అయ్యాక అంది: "ఇంక నీతో మాట్లాడను."

ఏప్రిల్ 7

మా ఆవిడ వచ్చింది. మంచం పక్కన నిలబడి దుప్పటి మీంచి దాని కాలు నిమిరింది, నిమురుతూనే ఉంది. వరండాలోకి వచ్చాక అడిగింది.

"మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. అవును అన్నాను.

ఏప్రిల్ 13

మాట్లాడటం లేదు. మా ఆవిడతో మాట్లాడుతుంది, నర్సుతో మాట్లాడుతుంది. నేను వెళితే గోడవైపు తిరుగుతుంది.

ఏప్రిల్ 14

ఇవాళా అంతే.

ఏప్రిల్ 23

బట్టలు తీసుకెళ్దామని ఇద్దరం ఒక పూటకి ఇంటికొచ్చాం. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి మా ఆవిడ ప్యాంటు తీసింది. మట్టి దులిపింది. కుట్టు తెలిసిన మనిషి కదా, ముందు లోపలివైపు తిప్పి చూసింది. ఆ చిల్లుల వరసల మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపింది.

"ఎన్నిసార్లు విప్పారు?"

చెప్పాను.

"ప్రతిసారీ మీ చేత్తోనే?"

ఆవిడ ప్యాంటు మడిచి నా చేతికిచ్చింది. పారేయమనలేదు, దాచమనలేదు. చాలాసేపు అలా పట్టుకుని నిలబడ్డాను. చివరికి బీరువాలో బట్టల కింద పెట్టాను.

మే 2

అక్క దగ్గరికి వెళ్ళాను. గిన్నె ఇచ్చాను. రావద్దని నేను అన్న మాటకి ఏమైనా అంటుందని సిద్ధపడి వెళ్ళాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి స్టూలు మీద కూలబడింది.

"నేను అన్నదే నిజమైనందుకు నాకు సంతోషమా ఏంటిరా? ఆ గున్నేనుగు అన్నది నేనే కదా. ముద్దుగానే అన్నాను. అది ఎక్కడ గుచ్చుకుందో నాకేం తెలుసు."

తర్వాత నేను లేచి చొక్కాలు మడత పెట్టడంలో సాయం చేశాను.

మే 16

ఇంటికి తెచ్చాం. గొట్టం తీసేశారు. డాక్టరు చెప్పినవి: తినేటప్పుడు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. కంచంలోకి చూడకూడదు. తిను అనకూడదు, బాగుందా అనకూడదు, బుగ్గలు వచ్చాయి అని అసలే అనకూడదు. వేరే కబుర్లు చెప్పాలి. నడక ప్రస్తుతానికి లేదు. తగ్గుతుందా అని అడిగాను. "చాలామందికి తగ్గుతుంది. నెలలు పట్టచ్చు, ఏళ్ళు పట్టచ్చు. మధ్యలో వెనక్కి కూడా వెళ్ళచ్చు. మీరు చేయగలిగింది పక్కన ఉండటమే" అంది.

పక్కన ఉండటం ఎలాగో చెప్పలేదు.

మే 19

మధ్యాహ్నం నా వంతు. ఎదురుగా కూర్చుని స్కూలు బస్సు సీట్ల గురించి చెప్పాను. పిల్లలు పెన్నుతో రాసిన రాతలు, సీటు మడతల్లో దొరికిన పెన్సిల్ ముక్కలు, ఒక పాలపన్ను. పాలపన్ను సంగతి నిజం కాదు, కల్పించాను. వినలేదు. ఉడికించిన గుడ్డు ఒకటి ముక్కలు ముక్కలు చేసి, ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేసింది. నేను కంచంలోకి చూడలేదు. చూడకుండా ఉండటానికి గోడ మీద పగులు చూస్తూ కూర్చున్నాను. ఆ పగులు నాకిప్పుడు కంఠతా వచ్చు.

మే 25

నిన్న సగం తింది. ఇవాళ ఏమీ తినలేదు. మా ఆవిడ కంచం కిందికి విసిరికొట్టింది, తర్వాత తనే ఏరింది. నేను తుడిచాను.

జూన్ 1

అత్తగారికి బాగులేదని మా ఆవిడ పొద్దున్నే వెళ్ళింది, రేపు వస్తుంది. మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పెరుగు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. చెప్పడానికి కబుర్లు అయిపోయాయి. బస్సు సీట్లు కూడా అయిపోయాయి. ఊరికే కూర్చున్నాను.

ఉడుత చెంచా పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆసుపత్రి తర్వాత ఇదే మొదటిసారి.

"నువ్వు బయటికి వెళ్ళు నాన్నా."

డాక్టరు ఒంటరిగా వదలొద్దంది. ఆ మాట చెబుదామనుకున్నాను.

"నువ్వు చూడకపోయినా చూస్తున్నట్టే ఉంది. తినలేకపోతున్నా. ఇవాళ్టికి వెళ్ళు."

గొంతులో కోపం లేదు. అలసట ఉంది. అది అబద్ధమో నిజమో పోల్చుకోవడం నాకు ఎప్పుడో చేతకాకుండా పోయింది. లేచాను. తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చున్నాను.

చెంచా కంచానికి తగిలిన చప్పుడు. ఆగింది. మళ్ళీ. కొంతసేపు ఏమీ లేదు. ఆ కొంతసేపట్లో లేచి తలుపు మీద చెయ్యి వేశాను. ఒక్కసారి తోస్తే తెలిసిపోతుంది, తిందో, సంచిలో వేసిందో, కిటికీలోంచి పడేసిందో. కింది ఇంటాయన ఎక్కుతూ ఆగి, "తాళం మరిచిపోయారా?" అని అడిగాడు. లేదన్నాను. వెళ్ళిపోయాడు.

చెంచా మళ్ళీ మోగింది. నోటికి తీసుకుంటున్న చప్పుడో, ఊరికే కలుపుతున్న చప్పుడో నాకు తెలియదు.

తలుపు మీంచి చెయ్యి తీసి మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాను.